తేలిక రివాల్వర్ కావాలా? తూకం సరే, ముందు ట్రిగ్గర్ నొక్కి చూడండి

చీమకుర్తి క్వారీల దగ్గరైనా, కోట, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గరైనా లైసెన్సు చేతికొచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే: ‘అన్నిట్లోకీ తేలికది ఏదండీ?’ రోజంతా నడుముకు పెట్టుకునే వస్తువు కాబట్టి ఆ మాటలో తప్పు లేదు. కానీ ఆ ఒక్క లెక్కతో కొన్న తుపాకీ నెల తిరక్కుండానే బీరువాలోకి పోతుంది.

మన దేశంలో మామూలు లైసెన్సు మీద దొరికేవాటి పరిధి చిన్నది. 9 ఎంఎం, .38 నిషిద్ధ బోర్లు (బోర్ అంటే గొట్టం లోపలి కొలత), వాటి జోలికి పోలేం. మిగిలింది ముఖ్యంగా .32. అందులో కాన్పూర్ రివాల్వర్లు మూడు. పాత ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ రివాల్వర్ సుమారు 700 గ్రాములు. 2014లో వచ్చిన నిర్భీక్ టైటానియం మిశ్రమంతో చేసింది, సుమారు 500 గ్రాములు. 2023 ఆగస్టులో వచ్చిన ప్రబల్ తూటాలు లేకుండా 675 గ్రాములు, బారెల్ 76 మిల్లీమీటర్లు. పిస్టల్ కావాలంటే 8 తూటాల మ్యాగజైన్‌తో అశని ఉంది. ఇంకా తేలిక కావాలంటే .22 బోర్‌లో నిడర్, 250 గ్రాములే. కానీ .22 తూటా అంచుమీద పేలే రకం. అందులో మందు అంటుకోకపోవడం .32 కంటే ఎక్కువ. ఆత్మరక్షణకని కొనేవాళ్లకు దాన్ని మేం చెప్పం.

ఇప్పుడు తూకం సంగతి. నిర్భీక్‌కీ ప్రబల్‌కీ తేడా 175 గ్రాములు, అంటే జేబులో ఉండే ఫోనంత. ఆరు తూటాలు వేస్తే దేనికైనా ఇంకో 60 గ్రాములు కలుస్తాయి. వెడల్పాటి గట్టి బెల్టు కట్టినవాడికి ఈ తేడా మధ్యాహ్నానికల్లా గుర్తుండదు. తేడా తెలిసేది కాల్చేటప్పుడు. హామర్ (వెనకుండే సుత్తి) వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కి కాల్చే పద్ధతిలో రివాల్వర్ ట్రిగ్గర్‌కు మామూలుగా ఐదారు కిలోల బలం కావాలి. అర కిలో వస్తువు మీద ఐదు కిలోల లాగుడు పడితే బారెల్ మూతి కదలకుండా ఎలా ఉంటుంది? గురి తప్పడానికి ఎదురుదెబ్బ కంటే ఇదే పెద్ద కారణం. .32 రివాల్వర్ తూటా మెత్తనిదే. 98 గ్రెయిన్ల (ఆరు గ్రాముల పైచిలుకు) సీసం గుండు, వేగం తక్కువ. నిర్భీక్‌లో కూడా చేతికి పెద్దగా తగలదు. కాబట్టి తేలిక తుపాకీ కొడుతుందని భయపడక్కర్లేదు, ట్రిగ్గర్ లాగేటప్పుడు ఊగుతుందని మాత్రం తెలిసి కొనాలి.

అందుకే మా ఓటు ఎక్కువమందికి ప్రబల్‌కే. ఇంకో కారణం తూటాలు పెట్టే సిలిండర్. పాత రివాల్వర్‌ను నడిమికి విరిచి తెరవాలి. ఆ పద్ధతిలో ఒక తెగులుంది: సగం తెరిచి ఆపితే కాల్చేసిన తూటా ఖాళీ తొడుగు ఒకటి జారి, తొడుగుల్ని పైకెత్తే నక్షత్రం లాంటి ముక్క కిందికి దూరుతుంది. ఇక తుపాకీ మూయబడదు, వేలుతోనో పుల్లతోనో గీకి తీయాలి. ఒకే ఊపులో చివరిదాకా తెరిస్తే ఈ బాధ ఉండదు గానీ కంగారులో ఆ ఊపు రాదు. పైగా ఏళ్లు గడిచేకొద్దీ కీలు, గొళ్లెం అరిగి బారెల్ వదులవుతుంది. ప్రబల్‌లో సిలిండర్ పక్కకు వస్తుంది. మూతి పైకి పెట్టి కడ్డీ నొక్కితే ఖాళీలన్నీ కింద రాలతాయి. ప్రకటనల్లో చెప్పే 50 మీటర్ల దూరాన్ని మాత్రం పట్టించుకోకండి. మూడంగుళాల బారెల్‌తో సాధన చేయాల్సింది 7 నుంచి 10 మీటర్లలో.

చిన్న చేతులున్నవాళ్లు, చీర కట్టులో హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకునే ఆడవాళ్లు మాత్రం నిర్భీక్ పట్టి చూడాలి. బ్యాగ్‌లో దానికంటూ విడి అర ఉండాలి. తాళాలూ నాణేలూ ఉన్న అరలో పడేస్తే ట్రిగ్గర్ చుట్టూ ఏం చిక్కుకుంటుందో చెప్పలేం. ధర విషయం: విడుదలైనప్పుడు నిర్భీక్ 1,22,360 రూపాయలు. 2025 సెప్టెంబర్ నుంచి రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. పాత ధర పట్టుకుని డీలర్ దగ్గరికి వెళ్లొద్దు.

అశని గురించి రెండు మాటలు. పల్చగా ఉంటుంది, చొక్కా కింద రివాల్వర్ పొట్ట కనపడినట్టు కనపడదు. మ్యాగజైన్ తీసేసి ‘ఖాళీ’ అనుకోవడంతోనే పిస్టల్ ప్రమాదాలు జరుగుతాయి, ఛాంబర్‌లో, అంటే బారెల్ వెనక తూటా కూర్చునే చోట, ఒకటి మిగిలే ఉంటుంది. పైన జరిగే స్లైడ్‌ను వెనక్కి లాగి కంటితో చూసి, వేలు పెట్టి తడిమితేనే ఖాళీ. వారానికోసారైనా సాధన చేయని మనిషికి రివాల్వరే మేలు: పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతి తూటా వస్తుంది. పిస్టల్‌లో అదే పని చేతులు రెండూ పెట్టి స్లైడ్ లాగి చేయాలి.

తూటాల దగ్గర ఒక పెద్ద పొరపాటుంది. రెండింటినీ .32 అనే అంటారు గానీ రివాల్వర్‌ది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, అశనిది .32 ఏసీపీ. పిస్టల్ తూటాకు అడుగున కొద్దిగా అంచుంటుంది కాబట్టి రివాల్వర్ సిలిండర్‌లో తూటా పెట్టే గదిలో దూరుతుంది కూడా. దూరింది కదా అని కాల్చకూడదు. దాని పీడనం ఆ రివాల్వర్‌కు లెక్కగట్టిన దానికంటే ఎక్కువ. పెట్టె మీద పూర్తి పేరు చదివి తీసుకోండి.

చేతులు మారిన రివాల్వర్ కొనేటప్పుడు డీలర్ దగ్గరే నాలుగు నిమిషాలు పెట్టండి. ఖాళీ అని చూసుకున్నాక హామర్‌ను నెమ్మదిగా వెనక్కి లాగండి. హామర్ పూర్తిగా నిలబడే లోపే సిలిండర్ తన చోట ‘టక్’మని పడాలి. ఆరు గదులకూ ఇలాగే చూడాలి, ఒకటి చూసి వదిలేయొద్దు. ఆలస్యంగా పడితే గది బారెల్‌తో సరిగ్గా కలవదు. కాల్చినప్పుడు గుండు అంచు చెక్కుకుపోయి సీసం ముక్కలు పక్కకు చిమ్ముతాయి. తర్వాత డమ్మీ తూటాలు పెట్టి, హామర్ ఎక్కించి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని సిలిండర్‌ను ఊపండి. కొంచెం ఆడితే సరే, లొడలొడలాడితే వద్దు. డమ్మీలు లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కుతూ పోతే పిన్ను మొన విరిగే ప్రమాదముంది. చివరగా తుపాకీ మీది నంబరు, లైసెన్సులో ఎక్కే నంబరు ఒక్కొక్క అంకె సరిపోల్చండి.

హోల్‌స్టర్, అంటే తుపాకీ ఒర, సగం నిర్ణయం. ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం జనంలోకి తీసుకెళ్లే చేతి తుపాకీ ఒంటికి కట్టుకున్న హోల్‌స్టర్‌లోనో, అలాంటి సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. నడుముకు కనపడేలా పెట్టి ఊళ్లో తిరగడం దర్పం కాదు, ఉల్లంఘన. లుంగీ, పంచె మీద హోల్‌స్టర్ నిలవదు. ఎంత బిగించినా కూర్చుని లేచేసరికి జారుతుంది. ప్యాంటు, ఒకటిన్నర అంగుళం గట్టి బెల్టు, బయటికి వదిలిన చొక్కా, ఇంతకంటే మంచి కట్టు లేదు. ట్రిగ్గర్ గార్డ్‌ను పూర్తిగా కప్పని హోల్‌స్టర్ ఎంత అందంగా ఉన్నా తీసుకోవద్దు. మోటార్ సైకిల్ మీద తిరిగేవాళ్లు నడుం మధ్యలో, వెన్నెముక మీద పెట్టుకోవద్దు. పడితే ఇనుము మీద పడ్డట్టే. కుడి తుంటి వెనక్కి కొద్దిగా జరిపితే కూర్చోడానికీ బాగుంటుంది.

మన తీరాన తుపాకీకి అసలు శత్రువు చెమట, ఉప్పుగాలి. టైటానియం తుప్పు పట్టదు, కానీ లోపలి స్ప్రింగులు, పిన్నులు ఉక్కువే. తోలు హోల్‌స్టర్ చెమట పీల్చి తేమ పట్టి ఉంచుతుంది. రాత్రి అందులోనే వదిలేస్తే నీలిపూత మీద తెల్లారికి ఎర్రటి చుక్కలు లేస్తాయి. ఇంటికి రాగానే తీసి పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాసి, పొడి పెట్టెలో సిలికా జెల్‌తో పెట్టి తాళం వేయాలి. బెల్టు తోలు గళ్లలో నెలల తరబడి ఉంచిన తూటాల ఇత్తడికి పచ్చటి చిలుము పడుతుంది. నూనె ఎక్కువైనా చిక్కే, సిలిండర్‌లోంచి కారి తూటా అడుగున మందును అంటించే ప్రైమర్‌లోకి దిగితే తూటా పేలకపోవచ్చు. చీమకుర్తి వైపు వాళ్లకు రాతిపొడి అదనం. తడి నూనె మీద పొడి చేరితే సానరాయి పేస్టులా పనిచేస్తుంది, అందుకే అక్కడ నూనె ఇంకా తక్కువ, తుడవడం ఇంకా తరచుగా.

ఎన్నికల కోడ్ వచ్చి స్టేషన్‌లో జమ చేయమన్నప్పుడు చాలామంది అలాగే హోల్‌స్టర్‌తో ఇచ్చేస్తారు. వద్దు. తూటాలు తీసి, బారెల్, గదులు శుభ్రం చేసి, మామూలు కంటే కాస్త మందంగా నూనె పట్టించి, మైనపు కాగితంలో చుట్టి ఇవ్వండి. రసీదులో నంబరు, తూటాల లెక్క రాయించుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజు బారెల్‌లోకి వెలుతురు పెట్టి చూసి, ఆ నూనెంతా తుడిచాకే తూటా వేయాలి.