ఐదేళ్లు వాడాక మా రీసెర్చ్ పోర్టల్ గురించి: ప్రింట్ తీసి, స్కాన్ చేసి, మళ్లీ అప్‌లోడ్

పీహెచ్‌డీలో చేరిన రోజు నుంచి థీసిస్ ఇచ్చేదాకా ఐదేళ్ల పైనే మా యూనివర్సిటీ రీసెర్చ్ పోర్టల్ వాడాను. లాగిన్, ఫీజు, రసీదులు అన్నీ బాగానే నడుస్తాయి. నా గొడవంతా ప్రతి ఫారం చివర వచ్చే ఒక మెట్టుతోనే: "ప్రింట్ తీసి, సంతకాలు చేయించి, స్కాన్ చేసి అప్‌లోడ్ చేయండి."

ఆరు నెలలకోసారి ప్రోగ్రెస్ రిపోర్ట్ ఇవ్వాలి. అంటే ఐదేళ్లలో పది. పదిసార్లూ నా పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చేరిన తేదీ, గైడ్ పేరు, థీసిస్ టైటిల్ నేనే టైప్ చేశాను. లాగిన్ అయినప్పుడు ఇవన్నీ స్క్రీన్ పైభాగంలో కనిపిస్తూనే ఉంటాయి, కింద ఫారంలో మాత్రం ఖాళీ గళ్లు. నింపాక ప్రింట్ తీయాలి, గైడ్, హెచ్ఓడీ, డీన్ సంతకాలు తేవాలి, స్కాన్ చేసి ఎక్కించాలి. ఆపైన మూడు కాపీలు సెక్షన్‌లో ఇవ్వాలి.

అడిగిందే ఎందుకు అడుగుతారో చాలాకాలం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. పోర్టల్ తయారుచేసే పీడీఎఫ్‌లో ఉన్నది అక్షరాలు. వాటిని వెతకొచ్చు, కాపీ చేయొచ్చు, వేరే ఫారంలోకి పంపొచ్చు. దాన్నే కాగితం మీదకు తెచ్చి స్కాన్ చేస్తే మిగిలేది ఒక బొమ్మ. సెక్షన్‌లో ఫైల్‌గా నిలిచేది ఆ బొమ్మే. అందులోంచి టైటిల్ కావాలంటే ఎవరో ఒకరు చూసి మళ్లీ టైప్ చేయాలి, ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ విద్యార్థే. పోనీ భద్రత కోసమా అంటే అదీ కాదు. డిజిటల్ సంతకం పెట్టిన పీడీఎఫ్‌లో తర్వాత ఒక్క అక్షరం మార్చినా తనిఖీలో బయటపడుతుంది. స్కాన్ చేసిన సిరా సంతకం ఆ పని చేయలేదు.

రెండో ఏడాదిలో ఇదే పోర్టల్‌ను జూనియర్ల ముందు మెచ్చుకున్నాను. ఆర్కిడ్ (ORCID) నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, కలిపితే నా పేపర్ల వివరాలు డీఓఐలతో (ఒక్కో పేపర్‌కు ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్యలతో) సహా వాటంతటవే వచ్చేశాయి. ఆర్కిడ్ 2012లో మొదలైంది, పరిశోధకులకు ఉచితం, ఒకే పేరున్న ఇద్దరి పేపర్లు కలిసిపోకుండా చూస్తుంది. ఆ మెప్పు ఇప్పటికీ వెనక్కి తీసుకోను, కానీ ఒక మాట చేర్చాలి. అలా వచ్చిన జాబితా ప్రొఫైల్ పేజీలోనే ఉండిపోతుంది. ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో పేపర్లు మళ్లీ టైప్ చేయాలి, ఒక్కోదాని మొదటి పేజీ ప్రింట్ జతచేయాలి.

ఇదంతా విసుగే, నష్టం కాదు. నష్టం దాకా వెళ్లింది థీసిస్ సమర్పణప్పుడు.

మూడో ఏడాదిలో నా టైటిల్ మారింది. కమిటీ ఒప్పుకుంది, ఆర్డర్ కూడా ఈ పోర్టల్ నుంచే వచ్చింది. రెండేళ్ల తర్వాత సమర్పణ ఫారం తెరిస్తే పాత టైటిల్ కనిపించింది. పదిసార్లు నాచేత టైప్ చేయించిన గడి ఈసారి మాత్రం తానే నిండి, మార్చడానికి వీల్లేకుండా ఉంది. గడువుకు పదకొండు రోజులు. అది దాటితే ఇంకో ఆరు నెలల పొడిగింపు, దానికి వేరే దరఖాస్తు, మరో ప్రోగ్రెస్ రిపోర్ట్.

పరీక్షల విభాగానికి వెళ్తే ఆర్డర్ కాపీ, దాన్ని ధ్రువీకరిస్తూ గైడ్ సంతకం తెమ్మన్నారు. మా సార్ అప్పుడు సెమినార్ కోసం వేరే దేశంలో ఉన్నారు. ఆయన మెయిల్ పంపితే చెల్లదన్నారు. అకడమిక్ సెక్షన్‌కు వెళ్తే, "మా దగ్గర కొత్త టైటిలే ఉందమ్మా, తప్పు మాది కాదు" అన్నారు. నాలుగు రోజులు ఆ రెండు గదుల మధ్యే తిరిగాను. రాత్రుళ్లు నిద్ర లేదు. ఐదేళ్ల పని పూర్తయి టేబుల్ మీద ఉంది, ఇవ్వడానికి దారి లేదు.

చివరికి అకడమిక్ సెక్షన్‌లోని ఒక మేడమ్ కుర్చీలోంచి లేచి, "పదమ్మా, నేనూ వస్తా" అని నాతో పరీక్షల విభాగానికి వచ్చారు. అక్కడి కంప్యూటర్లో తన లాగిన్‌తో నా రికార్డు తెరిచి, వాళ్ల స్క్రీన్ పక్కన పెట్టి చూపించారు. ఒకదాంట్లో కొత్త టైటిల్, ఇంకోదాంట్లో నేను చేరిన రోజు తీసుకున్న నకలు. ఆ నకలును తర్వాత ఎవరూ తాజా చేయలేదు. సరిచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆమెకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఇచ్చిన సమాచారం మళ్లీ అడగకూడదన్న ఆలోచన కొత్తదేం కాదు. ఎస్టోనియాలో 2001 నుంచి ఎక్స్-రోడ్ అనే వ్యవస్థ ద్వారా ఒక శాఖ డేటాబేస్ ఇంకో శాఖ డేటాబేస్‌ను నేరుగా అడుగుతుంది. 2017లో టాలిన్‌లో ఐరోపా దేశాల మంత్రులు చేసిన ప్రకటనలో ఈ సూత్రం ఉంది. ఒక దేశంలో శాఖల మధ్య కుదిరినప్పుడు ఒకే భవనంలోని రెండు గదుల మధ్య ఎందుకు కుదరదు?

వాడొచ్చా అంటే, మనకు వేరే దారి లేదు. టైటిల్, గైడ్ మారకుండా, గైడ్ ఎప్పుడూ క్యాంపస్‌లోనే ఉండేవాళ్లకు ఇది నన్ను పెట్టినంత ఇబ్బంది పెట్టకపోవచ్చు. నాతోపాటు చేరిన స్నేహితురాలు ఏ చిక్కూ లేకుండా సమర్పించింది. దూరంగా ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చేసేవాళ్లకు మాత్రం సంతకాల కోసమే సెలవులు అయిపోతాయి. మధ్యలో ఏది మారినా ఆ వారమే పరీక్షల విభాగానికి వెళ్లి వాళ్ల స్క్రీన్ మీద మీ వివరాలు చూపించమని అడగండి. నేను ఆ పని రెండేళ్ల ముందే చేయాల్సింది.