సుబేదారి మేడ మీద ఆదివారం క్లాసు: ఆరు వారాల తర్వాత నా మాట

నేను జిల్లా కోర్టులో బెంచ్ క్లర్క్‌గా చేసి రిటైరయ్యాను. మా తమ్ముడి కొడుకు ఎల్‌ఎల్‌ఎం ఎంట్రెన్స్‌కు చదువుతూ, సుబేదారిలో ఒక రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ దగ్గర ఆదివారం క్లాసులో చేరాడు. ఆరు వారాలు, 1,200 రూపాయలు. విషయం: మధ్యయుగ జర్మనీలో రాజు న్యాయాధికారం. మొదటి రోజు వాణ్ని బండి మీద దింపడానికి పోయి నేనూ కూర్చున్నాను. మరుసటి వారం నా ఫీజూ కట్టాను.

సార్ మొదలుపెట్టిందే ఒక ప్రశ్నతో. రాజధాని లేని రాజుకు కోర్టు ఎక్కడుంటది? ఆహెన్, గోస్లార్, ఇంగెల్‌హైమ్ అంటూ అక్కడి రాజు పరివారంతో ఊరూరూ తిరిగేవాడు. మామూలు రోజుల్లో ఆయన పేరు మీద కౌంట్లు, అంటే సీమల అధికారులు, తీర్పులు చేసేవాళ్లు. రాజు ఏ సీమలో అడుగుపెడితే అక్కడి న్యాయపీఠం ఆయనది. 13వ శతాబ్దం మొదట్లో ఐకె ఫాన్ రెప్‌గో రాసిన సాక్సన్ చట్టపు పుస్తకంలో ఈ మాట ఉంది. సార్ దాన్ని తెలుగులో చెప్పి, ఆ కాలంలో ఓరుగల్లులో గణపతిదేవుడు పాలిస్తున్నాడని గుర్తు చేశారు. అప్పటిదాకా గాలిలో ఉన్న శతాబ్దం ఒక్కసారి మా వీధిలోకి వచ్చినట్టయింది.

మూడో వారం క్లాసు కోసమైనా ఈ ఫీజు కట్టవచ్చు. సాక్సనీ, బవేరియా అనే రెండు పెద్ద సీమలు చేతిలో ఉన్న హెన్రీ, ‘సింహం’ అని పేరుపడ్డవాడు, అక్కడి రాజు, చక్రవర్తి కూడా అయిన ఫ్రెడరిక్ బార్బరోసా పిలిస్తే కోర్టుకు రాలేదు. 1180 ఏప్రిల్ 13న గెల్న్‌హౌజెన్‌లో ఇచ్చిన శాసనం జిరాక్సు సార్ మా అందరికీ పంచి, లాటిన్‌లో రెండు మాటలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. ‘త్రినో ఎడిక్టో’. అంటే చట్టప్రకారం మూడు పిలుపులు. నా ఒళ్లు జలదరించింది. కోర్టు వరండాలో అటెండర్ ఒక్కో పేరు మూడుసార్లు పిలవడం, ఎవరూ రాకపోతే నేను డాకెట్ (కేసు నడక రాసే కాగితం) ముందుకు జరపడం, ప్రతివాది ఎక్స్‌పార్టీ కావడం, అంటే అతను లేకుండానే కేసు నడవడం, నా ఉద్యోగమంతా అదే.

‘మీ కోర్టులో రానోణ్ని ఏం చేస్తరు సార్?’ అని నన్నే అడిగారు. డిక్రీ ఇస్తామన్నాను. ‘ఆ డిక్రీ అమలు చేసేదెవరు?’ అన్నారు. అసలు పాఠం అక్కడుంది. పీఠం మీద కూర్చునేది రాజే, కానీ తీర్పు పలికింది తోటి ప్రభువులు. హెన్రీ సీమలు పోయాయి: సాక్సనీలో పడమటి భాగం కొలోన్ ఆర్చిబిషప్‌కు (పెద్ద మతగురువు), మిగిలింది బెర్న్‌హార్డ్ అనే ప్రభువుకు, బవేరియా విట్టెల్స్‌బాహ్ వంశపు ఓటోకు పోయాయి. రాజు తనకంటూ ఏమీ ఉంచుకోలేదు. ఉంచుకుంటానంటే ఆ ప్రభువులు ఒప్పుకునేవారా అని క్లాసులో అరగంట వాదన నడిచింది. మావాడు గట్టిగానే మాట్లాడాడు.

నాలుగో వారం 1235 నాటి మైంజ్ శాంతిశాసనం. రాజు బదులు కూర్చోవడానికి చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ ఒక న్యాయాధికారిని పెట్టాడు. ఆదివారాలు, పెద్ద పండుగలు తప్ప రోజూ కోర్టు నడపాలి. పెద్ద ప్రభువుల కేసులు మాత్రం చక్రవర్తికే. ఆ న్యాయాధికారి పక్కన రాతగాడు ఒకడుండాలి, వాడు మతగురువు కాకూడదు. మరణశిక్షలు మతగురువు రాయకూడదు, పైగా తప్పు రాస్తే శిక్ష వేయడానికి వీలుండాలి. చూడండి, నా కుర్చీకి అంత పాత నియమం ఉంది! ఆ సాయంత్రం మా ఆవిడకు నోట్సు మొత్తం చదివి వినిపించాను.

లోపాలూ చెప్పాలి. పది గంటలంటే పదిన్నరకు గానీ మొదలుకాదు. మ్యాపు జిరాక్సులు మసకగా ఉన్నాయి, రైన్ నది ఎటు పోతున్నదో కనబడదు. అన్నిటికన్నా బాధ ఆఖరి వారం. చక్రవర్తి నాలుగో చార్లెస్ 1356లో ఇచ్చిన గోల్డెన్ బుల్ అనే శాసనాన్ని, 1495లో వోర్మ్స్‌లో పుట్టిన సామ్రాజ్య న్యాయస్థానాన్ని ఒక్క క్లాసులో పరుగెత్తించారు. రాజును ఎన్నుకునే ఏడుగురు ప్రభువుల కింది మనుషులను బయటి కోర్టుకు లాగకూడదు, ఆ ప్రభువుల కోర్టులనుంచి బయటికి అప్పీలు లేదు, న్యాయమే దొరకకపోతే తప్ప అని గోల్డెన్ బుల్ అంటుంది. జిల్లాలు విడిపోయినప్పుడు ఏ ఫైలు హన్మకొండకు, ఏది వరంగల్‌కు అని కట్టలు విప్పి కట్టిన మాలాంటివాళ్లకు ఇది మూడు గంటల విషయం. ఇంకో ఆదివారం పెంచమని అడిగాను, తర్వాతి బ్యాచ్‌కు ఏడు వారాలు చేస్తామన్నారు.

పరీక్ష కోసమే పోయేవాళ్లకు ప్రశ్నజవాబుల నోట్సు దొరకదు, ముందే తెలుసుకోండి. మేడ మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒక రోజు ముందు చెప్తే కింద హాల్లో కుర్చీలు వేయిస్తారు.