క్రిస్మస్ పార్టీలో ముందు భోజనమా, ముందు ఆటలా? ఏది మేలు?

డెకరేషన్ గురించి, కేక్ గురించి నెల ముందు నుంచే తెగ మాట్లాడుకుంటాం గానీ ఏది ఎన్నింటికి అన్నది మాత్రం ఎవ్వరూ పట్టించుకోరు, తీరా అందరూ వచ్చాక "ఇప్పుడేం చేద్దాం" అని మొహాలు చూసుకోవడమే. అసలు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, రాగానే భోజనం పెట్టేయాలా లేక ఆటలు, గిఫ్టులు కానిచ్చి అప్పుడు పెట్టాలా.

రాగానే పెట్టేస్తే ఆకలి గోల ఉండదు, వంటకాలు వేడిగా ఉండగానే అయిపోతాయి, ఇది నిజంగా ప్లస్సే. కానీ ఏడింటికి రమ్మంటే సగం మంది ఏడున్నర దాటాకే వస్తారు కదా, వాళ్ళ కోసం బఫే అలా తెరిచే ఉంచాలి, వండినవి బయట రెండు గంటలకు మించి ఉంచొద్దంటారు, అంటే హోస్ట్ కళ్ళన్నీ గడియారం మీదే. పైగా కడుపు నిండాక కుర్చీలోంచి లేచి ఆడేదెవరు? తినగానే చెప్పులు వెతుక్కునే బ్యాచ్ ఒకటి ఎలాగూ ఉంటుంది.

ఆటలు ముందు పెడితే లేటుగా వచ్చినవాళ్ళకి పోయేది ఒక రౌండే, మధ్యలో కలిసిపోవచ్చు. దీంట్లో చిక్కంతా సీక్రెట్ శాంటాతోనే, అదే, చీటీలో పేరొచ్చినవాళ్ళకి ఎవరిచ్చారో చెప్పకుండా గిఫ్ట్ ఇచ్చే ఆట. ఇరవై మంది ఉన్నారనుకోండి, గిఫ్ట్ విప్పి, ఎవరిచ్చారో గెస్ చేసి, ఫోటో దిగేసరికి తలా రెండు నిమిషాలేసుకున్నా నలభై నిమిషాలు, అదీ ఎవరూ జోకులెయ్యకపోతే! ఆకలి మీదున్న జనాన్ని అంతసేపు కూర్చోబెడితే చప్పట్లు కూడా మొహమాటానికే కొడతారు.

అందుకే నా ఓటు ఆటలకే, కాకపోతే సీక్రెట్ శాంటాని భోజనం తర్వాతకి నెట్టేయాలి. గిఫ్ట్ కోసమైనా జనం ఆగుతారు. ఆరున్నరకి స్నాక్స్, ఏడుంబావుకి క్యారల్స్, ఆటలు, ఎనిమిదికి భోజనం, తొమ్మిదికి గిఫ్టులు, ఇలా వేసుకుంటే పదికల్లా అయిపోతుంది. చిన్నపిల్లలుంటే వాళ్ళ గిఫ్టుల మటుకు క్రిస్మస్ తాత భోజనానికి ముందే పంచేయాలి, తొమ్మిది దాకా ఆగమంటే నిద్రొచ్చి ఏడుస్తారు.

డిసెంబర్ 24న పెట్టుకుంటే మాత్రం అన్నీ ఓ గంట ముందుకి జరపండి, రాత్రి ఆరాధనకి వెళ్ళేవాళ్ళుంటారు. ఇన్విటేషన్‌లో ఎన్నింటికి మొదలో రాసినట్టే ఎన్నింటికి అయిపోతుందో కూడా రాసేయండి, ఇంటికెళ్ళే బండి బుక్ చేసుకునేవాళ్ళకి పనికొస్తుంది.