టొరంటో తడికి ఒక జత, విన్నిపెగ్ చలికి మరో జత: మగవారి శీతకాలపు బూట్లలో ఏది మేలు?

కెనడాలో శీతకాలపు బూట్లు కొనబోయే మగవారిలో చాలామంది ముందుగా చూసేది పెట్టె మీద అచ్చు వేసిన ఉష్ణోగ్రతనే. మైనస్ 40 అని ఉన్న జత మైనస్ 25 అని ఉన్నదానికన్నా తప్పకుండా మెరుగైనదనుకుని, డబ్బు సర్దుబాటు అయితే పెద్ద అంకె ఉన్నదానినే తీసుకుంటారు. హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో చదువుకోవడానికి వచ్చి, అందులోనూ జనవరి తరగతులకు చేరి, విమానం దిగీ దిగగానే గడ్డకట్టే చలిలో పడిన కుర్రవాడు అలా చేయడంలో వింత లేదు. అయితే ఆ అంకె బూటు ఎంత చలిని ఆపగలదో ఉజ్జాయింపుగా చెబుతుందే తప్ప, అతడు ఉండబోయే ఊరి శీతకాలం ఎటువంటిదో, ఆ ఊళ్లో అతడు రోజుకు ఎంతసేపు బయట ఉంటాడో చెప్పదు. నా దృష్టిలో ఎంపిక ఆ రెండింటి మీదే ఆధారపడాలి.

టొరంటోను, విన్నిపెగ్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. జనవరి సగటు ఉష్ణోగ్రత టొరంటోలో మైనస్ 4 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే, విన్నిపెగ్‌లో మైనస్ 16 ప్రాంతంలో ఉంటుంది. టొరంటోలో చలి సున్నాకు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది కనుక కురిసిన మంచు రెండు రోజుల్లో కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది, మునిసిపాలిటీ వారు చల్లిన ఉప్పుతో కలిసి రోడ్డు దాటే ప్రతి మలుపు దగ్గర చీలమండల లోతు బురదనీరుగా నిలుస్తుంది. విన్నిపెగ్‌లో నవంబరులో పడిన మంచు సాధారణంగా మార్చి దాకా అలాగే పొడిగా ఉండిపోతుంది. మైనస్ 20లో అది బూటుకు అంటుకున్నా దులిపితే రాలిపోతుంది కానీ తడి చేయదు. అంత చలిలో ఉప్పు కూడా సరిగా పనిచేయదు కాబట్టి జారకుండా ఇసుక చల్లుతారు. కాబట్టి చలి తక్కువగా ఉన్న ఊరికే నీరు చొరబడని బూటు ఎక్కువ అవసరం, చలి ఎక్కువగా ఉన్న ఊరికి అది రెండో అవసరం. ఉత్తరాది ఆదివాసులు దుప్పి తోలుతో కుట్టుకునే మక్లుక్ బూట్లు నీటిని ఆపవు. పొడి చలిలో వాటికి ఆ పని పడదు, లోపలి చెమట బయటికి పోవడమే వాటి బలం.

చెమట ప్రస్తావన ఇక్కడ అనవసరం కాదు. పాదాన్ని వెచ్చగా ఉంచేది ఉన్ని గాని దూది గాని కాదు, వాటి పోగుల మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. ఆ గాలి స్థానంలో నీరు చేరితే, నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా వేగంగా వేడిని బయటికి చేరవేస్తుంది. ఆ నీరు వీధిలోని బురదమంచు నుంచి వచ్చిందా, పాదం నుంచే పుట్టిందా అన్నది చలికి పట్టదు. దుకాణాల్లో కనిపించే మూడు రకాల బూట్లనూ ఈ రెండు తడుల ముందు నిలబెట్టి చూడాలి.

మొదటిది పాక్ బూటు. అడుగు భాగమంతా పోతపోసిన రబ్బరు, పైన తోలు లేదా నైలాన్, లోపల మొత్తంగా బయటికి తీయగలిగే ఫెల్ట్ లైనర్, అంటే ఒత్తి చేసిన మందపాటి ఉన్నిబట్టతో కుట్టిన లోపలి తొడుగు. ఈ రబ్బరు-తోలు జోడింపుకు పెద్ద చరిత్రే ఉంది. 1912లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఎల్.ఎల్. బీన్ అనే వ్యాపారి వేటగాళ్ల కోసం ఇటువంటి బూట్లు అమ్మినప్పుడు, మొదటి 100 జతల్లో 90 జతలు తోలు, రబ్బరు కలిసే చోట కుట్లు విడిపోయి వెనక్కి వచ్చాయి. ఆయన డబ్బు తిరిగి ఇచ్చి, రబ్బరును మార్చి మళ్లీ తయారు చేయించాడు. ఇప్పటికీ ఈ రకం బూటులో ముందుగా చూడవలసిన చోటు ఆ కుట్టే. పాత జత కొంటున్నవారైతే రబ్బరును వంచి అక్కడ పగుళ్లు ఉన్నాయేమో చూసుకోవడం మంచిది.

రెండవది పొర ఉన్న తోలుబూటు. చూడడానికి కొండలెక్కేవారి బూటులా ఉంటుంది. తోలుకు, లోపలి బట్టకు మధ్య గోర్‌టెక్స్ వంటి పలుచని పొర, దానితోపాటు థిన్సులేట్ వంటి సన్నపోగుల పదార్థం కుట్టి ఉంటాయి. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్కసారిగా సాగదీసి రూపొందించిన ఆ పొరలోని రంధ్రాలు నీటిబొట్టు దూరలేనంత చిన్నవి, నీటి ఆవిరి పోగలిగినంత పెద్దవి. ఈ బూట్ల మీద 200 గ్రాములు, 400 గ్రాములు అని రాసి ఉండేది బూటు బరువు కాదు. ఆ వెచ్చని పదార్థం చదరపు మీటరుకు ఎంత బరువు తూగుతుందో చెప్పే లెక్క. నడుస్తూ ఉండేవారికి టొరంటోలో 200 చాలు. స్కార్‌బరో వంటి శివార్లలో బస్సు కోసం నిలబడేవారు 400 తీసుకోవచ్చు.

మూడవది నిలువెల్లా రబ్బరు, లోపల నియోప్రీన్ అనే స్పాంజి వంటి కృత్రిమ రబ్బరు ఉండే బూటు. మనకు తెలిసిన గమ్ బూటుకు ఇది వెచ్చని రూపం. బయటి తడి దగ్గర దీన్ని మించినది లేదు. కుట్టు లేదు కనుక కారే అవకాశమూ లేదు. లోపలి తడికి మాత్రం దారే లేదు. మడమ వదులుగా ఆడుతుంది, దూరం నడిస్తే బొబ్బలు వస్తాయి. ఇంటి ముందు మంచు తవ్విపోయడానికి, మార్చి చివర వీధులన్నీ కాలువలయ్యే రోజులకు ఇది సరైనది. రోజంతా తొడుక్కోవడానికి కాదు. ఒక్క జత మాత్రమే కొనగలిగినవారు దీన్ని పక్కన పెట్టవచ్చు.

ఇక అసలు పోటీ మొదటి రెండింటి మధ్యనే. టొరంటోలో చదువుకునే లేదా ఉద్యోగం చేసే తెలుగువాడికి నేను సందేహం లేకుండా పొర ఉన్న తోలుబూటునే సూచిస్తాను. అతడి రోజు సబ్‌వే రైల్లోనో, తరగతి గదిలోనో, నగరం నడిబొడ్డున భవనాలను కలుపుతూ 30 కిలోమీటర్లకు పైగా సాగే పాత్ అనే భూగర్భ నడవాలోనో గడుస్తుంది. మైనస్ 40 అని రాసి ఉన్న పాక్ బూటుతో ఆ వెచ్చని గదుల్లో కూర్చుంటే గంటలోపే పాదాలు చెమటతో నానుతాయి, సాయంత్రం అదే తడితో బయటికి వస్తే వేళ్లు మొద్దుబారుతాయి. బూటు చాలినంత వెచ్చనిది కాదని అతడు అప్పుడు ఇంకా బరువైనది కొంటాడు. తోలుబూటుకూ లోపాలు లేకపోలేదు. ఉప్పునీరు తోలు మీద తెల్లని చారలు కడుతుంది, తుడవకుండా వదిలేస్తే తోలు ఎండి చిట్లుతుంది. పై తోలు నీరు పీల్చుకుని బరువెక్కిన రోజున లోపలికి చుక్క రాకపోయినా ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోయి, పాదం చెమ్మగా, చల్లగా అనిపిస్తుంది. బూటు కారుతోందని చాలామంది పొరబడేది అప్పుడే. నీళ్లలో కొద్దిగా వినిగర్ కలిపిన గుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు మైనం పూయడం ఈ రెండింటికీ మందు.

విన్నిపెగ్‌లో, ఎడ్మంటన్‌లో తీర్పు మారుతుంది, కానీ అందరికీ మారదు. కారులో వెళ్లి కారులో వచ్చేవారికి అక్కడ కూడా 400 గ్రాముల తోలుబూటు సరిపోతుంది. పాక్ బూట్ల జత ఒకటి డిక్కీలో ఉంచుకుంటే దారిలో కారు ఆగిపోయిన రాత్రి పనికివస్తుంది. బస్సు కోసం నిలబడేవారు, గోదాముల్లోనో కాపలా పనిలోనో ఆరుబయట గంటలు గడిపేవారు మాత్రం పాక్ బూటే తీసుకోవాలి. నిలబడి ఉన్న మనిషి పాదం ఎక్కువ వేడిని కోల్పోయేది కింది నేలకే, ఆ రబ్బరు అట్ట మందం, దాని మీది ఫెల్ట్ మందం అక్కడ అక్కరకొస్తాయి. అంతకన్నా పెద్ద కారణం లైనర్ బయటికి రావడం. రాత్రి తీసి గదిలో ఆరబెడితే తెల్లవారేసరికి పొడిగా ఉంటుంది. తోలుబూటులో కుట్టేసిన పదార్థం ఒకసారి బాగా తడిస్తే ఒక రాత్రిలో పూర్తిగా ఆరదు. రెండో జత లైనర్లు కొనుక్కుంటే ఆ బూటుకు తిరుగు లేదు.

ఆరబెట్టడం కుదరని చోట ఇదే బూటు ఎంత నష్టం చేయగలదో 1950 శీతకాలంలో, కొరియా యుద్ధం జరుగుతుండగా, ఇప్పటి ఉత్తర కొరియాలో ఉన్న చోసిన్ జలాశయం దగ్గర అమెరికా సైనికులకు అనుభవమైంది. వారు తొడుక్కున్న షూపాక్‌లు రబ్బరు అడుగు, తోలు పైభాగం, ఫెల్ట్ అట్టలు ఉన్న బూట్లే. కొండల్లో నడిచినప్పుడు పాదాలు చెమటపట్టేవి, ఆగి కాపలా కాసినప్పుడు ఆ చెమట లోపలే గడ్డకట్టేది. ఎందరికో పాదాలు మంచుకాటుకు గురయ్యాయి. బస్సు స్టాపు యుద్ధరంగం కాదు, కానీ పరుగెత్తి వచ్చి నిలబడిపోవడం అక్కడా జరిగేదే. పాక్ బూట్లు వేసుకునేవారు కాలేజీలోనో ఆఫీసులోనో మార్చుకోవడానికి మామూలు షూలు సంచిలో తీసుకువెళ్లడం అందుకే అవసరం. అక్కడివారూ అలాగే చేస్తారు, ఇళ్లలోకి వెళ్లేటప్పుడు మనలాగే గుమ్మం దగ్గర బూట్లు విప్పుతారు కూడా. లేసులు విప్పడానికి పట్టే సమయం కూడా చూసుకుని కొనాలనడానికి ఈ అలవాటు ఒక్కటి చాలు.

పెట్టె మీది అంకె సంగతికి వస్తే, మామూలు బూట్లకు ఆ అంకెను ఫలానా విధంగా కొలవాలని అందరినీ కట్టడి చేసే నియమం లేదు. కార్మికుల రక్షణ బూట్లకు వాడే ఐఎస్ఓ 20345 అనే అంతర్జాతీయ ప్రమాణంలో చలి పరీక్ష ఉంది: మైనస్ 17 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచినప్పుడు లోపలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు మించి పడిపోకూడదు. కంపెనీలు వేసుకునే మైనస్ 40లు చాలావరకు నడుస్తున్న మనిషిని దృష్టిలో పెట్టుకున్నవి. వేర్వేరు కంపెనీల అంకెలను ఒకదానితో ఒకటి పోల్చడం వృథా. ఒకే కంపెనీ జతల మధ్య పోలికకు మాత్రం అవి పనికొస్తాయి.

ఆ అంకెకన్నా నమ్మదగిన గుర్తు ఒకటుంది, అది జారుడుకు సంబంధించినది. టొరంటో రిహాబిలిటేషన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మంచుగడ్డ పరిచిన గదిలో మనుషులను నడిపించి, గది వాలును పెంచుతూ బూట్లను పరీక్షిస్తారు. 7 డిగ్రీల వాలులో నిలిచిన బూటుకు ఒక మంచుపువ్వు గుర్తు, 11కు రెండు, 15కు మూడు ఇస్తారు. 2016లో వారు మొదటి ఫలితాలు ప్రకటించినప్పుడు దాదాపు 100 జతల్లో పదో వంతు కూడా ఒక్క గుర్తుకు నోచుకోలేదు. లోతైన గాళ్లున్న అడుగు మెత్తని మంచులో పట్టు ఇస్తుంది కానీ నున్నని మంచుగడ్డ మీద పట్టు ఇచ్చేది రబ్బరు గుణమే. చలిలో గట్టిపడే ప్లాస్టిక్ అడుగు ఎంత లోతుగా చెక్కినా జారుతుంది. టొరంటోలో అయినా విన్నిపెగ్‌లో అయినా ఈ విషయంలో రాజీ పడకూడదు. తడిసిన పాదం సాయంత్రానికి ఆరుతుంది, విరిగిన మణికట్టు అతకడానికి వారాలు పడుతుంది.

కొలత సంగతి తేలిగ్గా తీసుకునేవారే ఎక్కువ. బిగుతైన బూటులో వెచ్చని పదార్థం నలిగి, అందులోని గాలి పోయి, రక్తప్రసరణ కూడా తగ్గుతుంది కాబట్టి మందపాటి మేజోళ్లు వేసుకున్నాక కూడా వేళ్లు స్వేచ్ఛగా కదలాలి. అందుకు సాధారణంగా అర సైజు పెంచితే చాలు. నూలు మేజోళ్లు చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి, వాటిని ఇంట్లోనే వదిలి మెరీనో జాతి గొర్రెల సన్నని ఉన్నివి వాడాలి. ఇండియా నుంచే బూట్లు కొని తీసుకువెళ్లడం నేను సూచించను. సైజు తేడా వస్తే మార్చుకునే వీలుండదు, పెట్టెలో బరువూ తింటాయి. విమానాశ్రయం నుంచి ఇంటికి చేరడానికి ఉన్ని మేజోళ్ల మీద స్పోర్ట్స్ షూలు సరిపోతాయి, ఆ వారంలోనే దుకాణానికి వెళ్లవచ్చు. పాదాలు కొంచెం ఉబ్బి ఉండే సాయంత్రం పూట, వాడబోయే మేజోళ్లతోనే తొడుక్కుని చూసి, మార్పిడి గడువు ముగిసేదాకా ఇంట్లో తివాచీ మీద మాత్రమే నడిచి చూడాలి. సెప్టెంబరు తరగతులకు వచ్చినవారు నవంబరు చివరి డిస్కౌంట్ల కోసం ఆగవచ్చు. ఫిబ్రవరి, మార్చిలో ధరలు ఇంకా తగ్గుతాయి కానీ అప్పటికి మామూలు సైజులు దొరకడం కష్టం.