పోలార్ హెచ్10 చెస్ట్ స్ట్రాప్ – లేహ్‌లో పరిగెత్తేవాళ్ళ కోసం

లడఖ్ మారథాన్‌కి వెళ్దామనుకునేవాళ్ళు కొత్త షూస్ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇది, అంటే ఛాతీకి కట్టుకుని హార్ట్ రేట్ (గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో) చూసే ఈ బెల్టు కొనుక్కోండి. నా చేతి వాచ్ (కంపెనీ పేరు వద్దులెండి) హైదరాబాద్‌లో బాగానే ఉండేది, లేహ్‌లో పొద్దున్నే చలికి మాత్రం పిచ్చి లెక్కలు చూపించింది. చలికి చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుంటాయి కదా, వాచ్ వెనక రక్తప్రవాహాన్ని చూసే పచ్చ లైటుకి సిగ్నల్ సరిగ్గా అందదు, ఒక్కోసారి అడుగుల లెక్కనే హార్ట్ రేట్ అనుకుని 170 అని చూపిస్తుంది, మనమేమో హాయిగా కబుర్లు చెప్తూ జాగింగ్ చేస్తుంటాం. స్ట్రాప్ గుండె విద్యుత్ సిగ్నల్‌నే పట్టుకుంటుంది కాబట్టి ఈ గొడవ లేదు. కాకపోతే అక్కడ గాలి పొడి, చెమట లేటుగా పడుతుంది, కట్టుకునే ముందు ఎలక్ట్రోడ్ల (చర్మానికి తగిలి సిగ్నల్ పట్టే భాగాలు) దగ్గర నీళ్ళతో బాగా తడపాలి, లేకపోతే మొదటి కిలోమీటరు రీడింగ్ నమ్మొద్దు.

ఇక అసలు సంగతి జోన్లు, అంటే శ్రమని తేలిక నుంచి కష్టం దాకా 1 నుంచి 5 వరకు విడగొట్టిన మెట్లు. స్ట్రాప్ నంబర్ కరెక్ట్‌గా ఇస్తుంది, ఆ నంబర్‌కి అర్థం మనమే వెతుక్కోవాలి. లేహ్ దాదాపు 3,500 మీటర్లు, 1,500 దాటాక ప్రతి వెయ్యి మీటర్లకి వీవో2 మ్యాక్స్ (ఒళ్ళు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) సుమారు 10 శాతం పడిపోతుందంటారు, కాబట్టి హైదరాబాద్‌లోని జోన్ 2 పేస్‌తో (పరుగు వేగంతో) అక్కడ వెళ్తే నేరుగా జోన్ 4లో తేలతారు. పేస్ జోన్లు పక్కన పడేయండి. హార్ట్ రేట్ జోన్లు కూడా యథాతథంగా పనికిరావు, మొదట్లో కూర్చున్నా కొట్టుకోవడం ఎక్కువే ఉంటుంది, కొన్ని వారాలు ఉంటే మ్యాక్స్ హార్ట్ రేట్ కొంచెం తగ్గుతుంది, యాప్‌లో మాత్రం పాత మ్యాక్స్ మీద కట్టిన శాతాలే కూర్చుని ఉంటాయి. నేను మాట టెస్ట్‌నే నమ్మాను: ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఈజీ, రెండు మూడు మాటలకే ఊపిరి ఆడకపోతే ఎంత చూపించినా అది ఈజీ కాదు.

దిగిన మొదటి రెండు రోజులు స్ట్రాప్ బ్యాగులోనే ఉంచి నడవండి చాలు. పొద్దున లేవగానే రెస్టింగ్ రేట్ దిగుతూ వస్తోందా చూసుకుని, అప్పుడే ఇంటర్వెల్స్ (వేగంగా పరిగెత్తి, ఆగి, మళ్ళీ పరిగెత్తడం), అవి కూడా చిన్నవి, మధ్యలో విశ్రాంతి ఎక్కువ. ఖార్దుంగ్ లా కనుమ మీదుగా సాగే ఖార్దుంగ్ లా చాలెంజ్ 72 కిలోమీటర్ల పరుగువాళ్ళైతే 5,300 మీటర్ల పైన జోన్ల ఊసే ఎత్తరు, నడవగలిగితే గొప్ప. తలనొప్పి, వాంతులు మొదలైతే వాచ్ ఏం చెప్పినా వినకుండా ఆగిపోవాలి, తగ్గకపోతే కిందికి దిగిపోవాలి.

స్ట్రాప్‌కి వేసే సీఆర్2025 బటన్ సెల్ ఒకటి ఎక్స్‌ట్రా తీసుకెళ్ళండి, పరుగు అయ్యాక పాడ్ (బెల్టుకి తగిలించే సెన్సర్) విప్పేయండి, తడి బెల్టుకి అలాగే వదిలేస్తే సెల్ ఊరికే అయిపోతుంది. ఐదుకి నాలుగున్నర, ఆ అర మార్కు ఛాతీ మీద పడే గీతకి.