లైవ్ మోడల్‌తో మనిషి బొమ్మ నేర్పుతామంటే డబ్బు కట్టేముందు ఇవి అడగండి

శని, ఆదివారాల్లో వర్క్‌షాప్, ఎదురుగా లైవ్ మోడల్, రెండడుగుల బొమ్మ, కిట్ ఉచితం, ఆఖర్న కాల్చి ఇస్తాం. ఈ ప్రకటన నమ్మి కట్టినవాళ్లకు దక్కింది మోకాళ్ల దగ్గర కూలబడ్డ మట్టిముద్ద. నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఈ పద్ధతిలో ఎవరు నడిపినా జరిగేది ఇదే.

మట్టి నిలవడానికి బొమ్మ లోపల ఎముకల గూడులా తీగ ఉండాలి. దానికి కిట్‌లో ఇచ్చింది స్లాబు చువ్వలు కట్టే బైండింగ్ వైరు, మిల్లీమీటరు మందం. రెండడుగుల మనిషి బొమ్మకు ఒంటిమీదే ఐదు కిలోల తడిమట్టి పడుతుంది. వెన్నుకూ కాళ్లకూ 6 మి.మీ. అల్యూమినియం తీగ, చేతులకు 3 మి.మీ. తీగ రెండు పేటలు మెలేసి కావాలి. అదీ చాలదు. 18 మి.మీ. ప్లైవుడ్ పలకకు మరలతో బిగించిన ఇనుప కడ్డీ వెనకనుంచి వచ్చి తుంటి దగ్గర బొమ్మను పట్టుకోవాలి. కడ్డీ లేకపోతే మొదటి రెండు గంటలు అంతా బాగానే కనిపిస్తుంది. ఛాతీకి మట్టి ఎక్కేకొద్దీ చీలమండలు, మోకాళ్లు వంగిపోతాయి. అప్పుడిక ఎంత సరిచేసినా కొలతలు నిలవవు.

లోపల తీగ ఉన్న బొమ్మను కాల్చి ఇస్తామనే మాట అసలు నమ్మకండి. మట్టి ఆరేటప్పుడు కుదించుకుంటుంది, తీగ కుదించుకోదు. చేతులూ కాళ్లూ నిలువునా చీలుతాయి. కాల్చాలంటే బొమ్మ లోపల బోలుగా, గోడ ఒకటి రెండు సెంటీమీటర్ల మందంలో ఉండాలి. తీగమీద చేసినదానికి ప్లాస్టర్ అచ్చు తీసి పోత పోయడమే దారి. ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. ఆయిల్ క్లే (నూనె కలిపిన, ఆరిపోని మట్టి) ఇస్తే గంధకం లేనిదేనా అని చూడండి. గంధకం ఉన్నదానిమీద అచ్చు తీయడానికి పోసే ప్లాటినం రకం సిలికాన్ రబ్బరు గట్టిపడదు, జిగటగానే మిగిలి అచ్చు పాడవుతుంది.

అసలు దగా మోడల్ సమయంలో ఉంది. రెండు రోజుల్లో మోడల్ పోజిచ్చింది మూడు గంటలు, మిగతాదంతా ఫోన్‌లో ఫొటోలు. లెక్క చూడండి: 20 నిమిషాల పోజు, 5 నిమిషాల విరామం, ప్రతి పోజుకూ మోడల్ పీట 45 డిగ్రీలు తిప్పాలి. ఎనిమిది దిక్కులు ఒక్కసారి చుట్టి రావడానికే 3 గంటల 20 నిమిషాలు. అంటే ఒక్క చుట్టు కూడా పూర్తవలేదు! నిలువెత్తు పోజుకు కనీసం ఇరవై గంటలు ఇవ్వనిచోట చేరకండి. విరామం తర్వాత పాదాలు మళ్లీ అదే చోట పడేలా చాక్‌తో గుర్తు పెడుతున్నారా అని కూడా చూడండి. ఆ గుర్తు లేకపోతే ప్రతిసారీ కొత్త పోజే.

నేర్పేవారి తీరు మొదటి గంటలోనే తెలిసిపోతుంది. ఒక కాలిమీద బరువు వేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, భుజం కిందికి దిగుతుంది. గొంతు గుంట నుంచి గుండు కట్టిన దారం వదిలితే దాదాపు బరువు మోసే చీలమండ దగ్గరికొస్తుంది. తెలిసినవారు దారం, కాలిపర్ (రెండు కాళ్ల కొలత పరికరం)తో ఇవి చూపిస్తారు. కళ్లూ ముక్కూ దిద్దించడంతో మొదలుపెడితే డబ్బు వెనక్కి అడగండి.

కొందరు మోడల్ ఒంటిమీదే అచ్చు తీయించి దాన్నే శిల్పం నేర్పడమంటారు. 1877లో ఫ్రెంచ్ శిల్పి రోడిన్ చేసిన ‘కాంస్య యుగం’ శిల్పాన్ని ఒంటి అచ్చు అని నిందించినప్పుడు, అది చేత్తో చేసిందేనని చూపడానికి ఆయన మోడల్ ఫొటోలు తీయించాల్సి వచ్చింది. శిల్పులకు ఈ తేడా అంత ముఖ్యం. పైగా ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. మందంగా పోసి చేయి అందులో ఉంచితే లోతైన కాలిన గాయాలవుతాయి.

మోడల్‌కు బట్టలు మార్చుకునే గది ఉందా, కూలి విడిగా ఇస్తున్నారా, ఫోన్లు బయట పెట్టిస్తున్నారా అని తప్పకుండా అడగండి. మోడల్ అనుమతి లేకుండా ఫొటోలు తీయనిచ్చే చోటు ఎంత చవకైనా వద్దు. మోడల్ గంటలు, పోత ఖర్చు రసీదుమీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి, అదీ సగానికి మించకుండా.