సీప్యాప్ మాస్కా, దవడ పరికరమా?

మా నాన్నగారు స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతుంటే వయసు మీద పడిందనుకున్నాం. పరీక్షలో తేలింది తీవ్రమైన స్లీప్ అప్నియా, అంటే నిద్రలో పదేపదే ఊపిరికి అడ్డు పడే జబ్బు: గంటకు 30 సార్లకు పైగా. నిద్ర అన్నిసార్లు చెదిరితే పగటి సంగతులు జ్ఞాపకంలో కుదురుకునేదెప్పుడు?

1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సల్లివన్ బృందం ప్రకటించిన సీప్యాప్ యంత్రం, మాస్కు ద్వారా పంపే గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. తీవ్ర స్థాయికి నా ఓటు దీనికే. కానీ అర్ధరాత్రి మాస్కు తీసేస్తే, రెమ్ నిద్ర (కలలు ఎక్కువగా వచ్చే దశ) ఎక్కువగా పట్టే తెల్లవారుజామున రక్షణ ఉండదు. నాన్నగారు మొదట్లో చేసింది అదే.

పళ్లకు తొడిగే పరికరం కింది దవడను ముందుకు జరుపుతుంది. సీప్యాప్ అంత బలంగా పనిచేయదు, కొందరికి దవడ నొప్పి. అయినా చప్పుడుండదు, చాలామంది రాత్రంతా ఉంచుకోగలరు. స్వల్ప, మధ్యస్థ అప్నియాకు మంచిదే.

దేనితోనైనా పగటి మగత ముందు తగ్గుతుంది. జ్ఞాపకశక్తి నెమ్మదిగా మెరుగవుతుంది, కొందరిలో పూర్తిగా తిరిగి రాదు.